గిర్ని మీది మందిరం

నాచారం
జూన్, తొలి వానలు

పూజ్యులైన జ్ఞానప్రకాశం అయ్యగారికి,
శిష్యుడు ఉపేందర్ వందనాలు.

మీకు ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది. బైబిల్ స్కూల్లో చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వెళ్ళి రాసేవాణ్ణి. మీరు తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది నాకే తిరిగి పంపేవారు. ఇది కూడా దిద్దండి, ఏమీ అనుకోను.

ఫోన్ చేద్దామంటే మీకు వినపడదు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని మీరే అన్నారు. ఇప్పుడు నాకు మాట కూడా పోయింది. అన్నోజిగూడ వచ్చి కలిసినా, చెవిటి గురువూ మూగ శిష్యుడూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగి లేవడం తప్ప జరిగేదేమీ ఉండదు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళాను.

జరిగింది చెబుతాను. మా మందిరం కింద పిండి గిర్ని ఉందని మీకు తెలుసు. ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళకు ఆదివారమే తీరిక. సరిగ్గా మా ఆరాధన వేళకే జొన్నలు, గోధుమలు పట్టుకుని వరస కడతారు. గిర్ని మొదలైతే మా గచ్చు వణుకుతుంది. దాన్ని మించాలని సౌండు బాక్సులు పెట్టాను. ఎదురు అపార్ట్‌మెంటు వాళ్ళు వచ్చి మర్యాదగానే చెప్పారు, తీసేశాను. ఆ తర్వాత నా గొంతునే నమ్ముకున్నాను.

గిర్ని ఆగాలని ఉపవాస ప్రార్థనలు కూడా పెట్టాం. ఒకసారి నిజంగానే మోటారు కాలిపోయింది. మేమంతా స్తోత్రాలు చెప్పి పాటలు పాడుకున్నాం. మరుసటి ఆదివారానికల్లా గిర్ని ఆమె శాంతాబాయి కొత్త మోటారు బిగించింది. అది పాతదానికన్నా పెద్దది.

పోయిన వారం ప్రసంగం మధ్యలో గొంతు తెగిన తీగలా అయిపోయింది. హబ్సిగూడలో డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. బస్తాలు మోసేవాడి చేతికి కాయలు కాసినట్టు నా గొంతులో కాశాయట. "ఇట్లాంటి గొంతులు కూరగాయల బండివాళ్ళవీ, టీచర్లవీ, మీవీనండి" అంది. వర్షాకాలం పోయేదాకా మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు.

అయ్యగారూ, నాకు ఉన్న ఒకే ఒక పనిముట్టు పోయింది. మానస పుట్టింటికి, కీసరకు వెళ్ళి ఉంది. ఆమెకు కూడా ఇంకా చెప్పలేదు. సంఘానికి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. మాట్లాడలేని పాస్టరును ఎవరు ఉంచుకుంటారు? నాకు భయంగా ఉంది.

ఉపేందర్

*

అన్నోజిగూడ
జూన్ నెలాఖరు

చిరంజీవి ఉపేందర్‌కు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను. మళ్ళీ మోటారు దగ్గర ఆగలేక నవ్వాను. మా అమ్మాయి అమృత పరుగెత్తుకొచ్చింది, నాకేమైనా అయిందేమోనని.

నీకన్నా నేనేం తక్కువ తినలేదు. కుర్రతనంలో సిమెంటు తొట్టి కట్టించి మొదటి బాప్తిస్మం పెట్టాను. పాట ఎక్కువ చరణాలది ఎంచుకోవడం నా తప్పు, తొట్టి పగలడం మేస్త్రీ తప్పు. పాట ముగిసేసరికి నీళ్ళు మోకాలిదాకా కూడా లేవు. పాపం, నిండా ముంచాల్సిన మనిషిని అడుగున పడుకోబెట్టి చెంబుతో పోశాను. ముసలివాడయ్యాక కూడా కనపడినప్పుడల్లా "అయ్యగారూ, నాది సగమేనా?" అని అడిగేవాడు. పరిచర్యలో పరువు ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే. తొందరగా పోతే మంచిది, తర్వాత పని సాగుతుంది.

నీ సంఘానికి ఉన్నదున్నట్టు చెప్పు. గొంతు పోయింది, అరిచి పోగొట్టుకున్నాను, కొన్నాళ్ళు మానస వాక్యం చదువుతుంది అని. అంతే. దీనికి వేదాంతం అక్కర్లేదు.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ గిర్ని ఆమెను నువ్వు ఎప్పుడైనా పలకరించావా?

ఇక్కడ మేం కులాసా. మా వీధి చివర మందిరంలో ఆరాధన చక్కగా సాగుతోంది. వాక్యం బాగుంటోంది.

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్రసిరా అయిపోయింది కాబట్టి బతికిపోయావు.

జ్ఞానప్రకాశం

*

నాచారం
జులై

అయ్యగారికి వందనాలు.

మీ ఉత్తరం చేరేలోపే ఇక్కడ వేరే కథ నడిచింది. చెబితే నమ్మరు.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. మానస లేదు. నా గొంతు చూపించి, చెయ్యి పైకెత్తి చూపించాను. నా గొంతు కోసం ప్రార్థించండి అని నా ఉద్దేశం. ముందు వరసలో మా సంఘపెద్ద ఫణీంద్రగారు ఉన్నారు. ప్రభుత్వ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, దేన్నయినా విడమర్చి చెప్పందే ఊరుకోరు. లేచి సంఘం వైపు తిరిగి, "అయ్యగారికి పైనుంచి ఆజ్ఞ అయింది. ఆయన మౌనంలోకి వెళ్ళారు. ఏదో దర్శనం చూశారు" అన్నారు. బైబిల్లో, దేవాలయంలో దూతను చూసి మాట పడిపోయిన ముసలి యాజకుడి సంగతి కూడా గుర్తుచేశారు. వెనక ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. నేను తల అడ్డంగా ఊపాను. అది కూడా వినయమే అనుకున్నారు.

మరుసటి వారం జనం పెరిగారు. ఆపై వారం మెట్ల మీద కూడా కూర్చున్నారు. మౌలాలి నుంచి, ఉప్పల్ నుంచి వస్తున్నారు. నాకెదురుగా నిలబడి నా కళ్ళలోకి చూసి వెళ్ళిపోతున్నారు. కొందరు నా చెయ్యి తీసుకుని తల మీద పెట్టుకుంటున్నారు. ఇన్నేళ్ళు నేను గొంతు చించుకుంటే నిండని మందిరం ఇది.

ఉప్పల్‌లో మూసేసిన ట్యూషన్ సెంటర్‌లో ఒక పెద్ద నల్లబల్ల దొరికింది. దాని మీద నేను నాలుగు మాటలు రాస్తాను, మానస చదువుతుంది. బల్ల నిండితే ప్రసంగం అయిపోయినట్టే. జనం ఎంత హాయిగా ఉన్నారో చూస్తే నాకు కొంచెం కష్టంగానే ఉంది. "మీరు మాట్లాడకపోతేనే వాక్యం అర్థమైతున్నది" అని మానస కూడా అంది.

కానీ ఆమె ఈ దర్శనం సంగతి ఒప్పుకోవడం లేదు. కీసర నుంచి వచ్చిన రోజునే అడిగింది, "మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?" అని. వచ్చే వారం అని జేబులో పట్టే చిన్న పలక మీద రాసి చూపించాను. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

నేనేమీ అబద్ధం చెప్పలేదు అయ్యగారూ. అసలు ఏమీ చెప్పలేదు కదా. ఒకరి గొంతు పోవడం వల్ల ఇంతమందికి ఆదరణ దొరుకుతుంటే, అందులో కూడా దేవుడి చిత్తం ఉండవచ్చు.

ఫణీంద్రగారు ఉప్పల్‌లో హాలు మాట్లాడారు. వచ్చే నెలాఖరున నేను నోరు తెరిచే దినమట. ఫ్లెక్సీ కూడా వేయించారు. అందులో నేను పెదాల మీద వేలు పెట్టుకుని ఉన్నాను. పైన మబ్బులు, పావురం. ఆ ఫోటో కోసం నన్ను స్టూడియోకు తీసుకెళ్ళినప్పుడు వద్దనలేదు, అది నిజమే.

మీ మందిరంలో పోయిన ఆదివారం ఏ వాక్యం చెప్పారు? నా నల్లబల్ల మీదికి ఏదైనా పనికొస్తుందేమో రాయండి.

ఉపేందర్

*

అన్నోజిగూడ
జులై

ఉపేందర్‌కు,

నీ ఉత్తరం బాగా లేదు. తప్పులు లేవు, అదే అనుమానంగా ఉంది. నువ్వు జాగ్రత్తపడి రాశావంటే ఎక్కడో ఏదో దాస్తున్నావు.

ఆ ముసలి యాజకుడి మాట పడిపోయింది ఆయన గొప్పతనానికి కాదు. దూత చెప్పింది నమ్మనందుకు. అది శిక్ష. మీ ఫణీంద్రగారు ఆ ముక్క వదిలేశారు, నువ్వు వదిలేయనిచ్చావు. నా దగ్గర నాలుగేళ్ళు చదివినవాడివి.

జనం నీ కళ్ళలోకి చూస్తున్నారని రాశావు. వాళ్ళు అక్కడ ఏదో వెతుక్కుంటున్నారు. నీ దగ్గర లేనిది ఉందనుకుని ఒకడు ఇంటికి వెళ్ళి దాన్నిబట్టి ఏదో నిర్ణయం తీసుకుంటాడు. అప్పుడు నీ మౌనం నీది కాదు, వాడి నెత్తిన పడుతుంది. నాకు ఆ భయం ఉంది. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

నాకు నువ్వంటే ఇష్టం కాబట్టి ఇంత కటువుగా రాస్తున్నాను. ఆ ఫ్లెక్సీ నాకు చూడాలని కూడా ఉంది, అది వేరే సంగతి.

మా మందిరంలో వాక్యం గురించి అడిగావు. బాగుంది. అన్నీ అడగకు.

జ్ఞానప్రకాశం

*

నాచారం
ఆగస్టు

అయ్యగారికి,

మీరు రాసిందే జరిగింది.

నిన్న మధ్యాహ్నం శాంతాబాయి మెట్లెక్కి పైకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె పైకి రావడం అదే మొదటిసారి. ఒళ్ళంతా పిండి, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. నేను నల్లబల్ల తుడుస్తున్నాను. చెప్పులు బయట విడిచి వచ్చి తిట్టింది.

"ఏందయ్యా నీ కథ? మా హన్మయ్యకు పొత్తికడుపు కాడ పేగు జారిందని దవాఖానల ఆపరేషన్‌కు తారీకిచ్చిన్రు. ఆయన పెండ్లాం పోనిస్తలేదు. అయ్యగారు నోరు తెరిచినంక అడిగి పోదాం అంటున్నది. తారీకు దాటిపాయె. మనిషి బస్తా లేపలేక కూలవడుతున్నడు. నువ్వెప్పుడు తెరుస్తవు నోరు?"

హన్మయ్య ఆమె గిర్నిలో పని చేస్తాడు. మా మందిరానికి రాడు, మల్లన్న భక్తుడు. వచ్చేది ఆయన భార్య సత్తమ్మ. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసి, ఆదివారం అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచేది ఆమే. నేను చూసిన దర్శనంలో తన భర్త సంగతి తప్పక ఉండి ఉంటుందని నమ్ముతోందట. కత్తి పెట్టించాలా, వద్దా అని నేను చెప్పేదాకా ఆగుతానంటోందట.

నేను పలక తీసి ఆదివారం అని రాశాను. శాంతాబాయి దాన్ని చూసి, "నాకు సదువు రాదయ్యా" అని, దిగి వెళ్ళిపోయింది.

సత్తమ్మకు కూడా చదువు రాదు. ఆమెకు ఏది రాసి చూపించినా దండమే పెడుతుంది. మానసను చెప్పమంటే వెంటనే చెబుతుంది, కానీ నేను చూసిన దర్శనం గురించి మానస మాట సత్తమ్మ నమ్మదు. అందుకే ఉప్పల్ హాల్లో, అందరి ముందు, డాక్టరమ్మ వద్దన్నా సరే, ఒకేసారి నా నోటితోనే చెప్పేద్దామనుకుంటున్నాను. ఇంకా రెండు ఆదివారాలే కదా. హాలు మాట్లాడారు, జనానికి చెప్పారు, మధ్యలో చెబితే ఫణీంద్రగారి పరువు పోతుంది. రెండు వారాలు ఆగితే మంచిదేమో మీరే చెప్పండి.

ఉపేందర్

*

అన్నోజిగూడ

ఉపేందర్,

పోస్టును నమ్మలేను. అమృత ఉప్పల్లో బడికి పాఠాలు చెప్పడానికి వస్తుంది కదా, తన చేతికిచ్చి పంపిస్తున్నాను. నీ ఎదుట నిలబడి, నువ్వు చదివేదాకా కదలవద్దని చెప్పాను.

ఆదివారం దాకా ఆగకు. ఫణీంద్రగారి పరువు గురించి నీకెందుకంత దిగులో నాకు తెలుసు, అందులో నీది కూడా కలిసి ఉంది. ఈ కాగితం కింద పెట్టు. మెట్లు దిగు.

జ్ఞా. ప్ర.

*

నాచారం
ఆగస్టు నెలాఖరు

అయ్యగారికి,

కాగితం కింద పెట్టి మెట్లు దిగాను.

గిర్ని నడుస్తోంది కానీ దాని దగ్గర ఎవరూ లేరు. హన్మయ్య బస్తాల వెనక నేల మీద ఒరిగి ఉన్నాడు. పొత్తికడుపు రెండు చేతులతో పట్టుకున్నాడు, ముఖమంతా చెమట, పిండి కలిసి ముద్దయింది. శాంతాబాయి నీళ్ళకు వెళ్ళిందట, బిందెతో వచ్చి చూసి అక్కడే వదిలేసింది. ఇద్దరం కలిసి ఆయన్ని ఆటోలో ఎక్కించాం. గిర్ని ఆపడం కూడా ఎవరికీ గుర్తు లేదు. అమృతమ్మే ఆపి, సత్తమ్మకు కబురు చేసిందని తర్వాత తెలిసింది.

దవాఖానలో డాక్టరు చూసి, పేగు మెలిపడింది, వెంటనే కోయాలి, ఇంకా ఆలస్యం చేస్తే దక్కడు అన్నాడు. సత్తమ్మ కంపెనీ టోపీ తలమీదే ఉంచుకుని వచ్చింది. నర్సు వేలిముద్ర వేయమంది. ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నన్ను చూసింది.

"అయ్యగారూ, దేవుడు మీకు ఏం సూపెట్టిండు? మా ఆయన బతుకుతడా? కత్తి వెట్టమన్నడా, వద్దన్నడా?"

నా జేబులో పలక ఉంది. ఏం రాసినా ఆమెకు లాభం లేదు. డాక్టరమ్మ గుసగుస కూడా వద్దంది. నేను నోరు తెరిచాను. వచ్చింది గొంతు కాదు, తుప్పుపట్టిన తలుపు చప్పుడు.

"నాకేం కనవడలే సత్తమ్మా. దర్శనం లేదు, ఏం లేదు. ఆదివారం ఆదివారం అర్సి అర్సి గొంతు పోయింది. నీకు ముందే చెప్పకపోవుడు నా తప్పు. ఈ డాక్టర్ సార్ చెప్పిండు గదా, వేలిముద్ర వెయ్యి."

ఆమె వెనక్కి పెట్టుకున్న చెయ్యి ముందుకు చాపింది. ఏడవలేదు. వేలిముద్ర వేసింది. వేసి, ఆ సిరా కొంగుకు తుడుచుకుంటూ అంది, "గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గదా అయ్యగారూ. గొంతు నొప్పికి మిరియాల పాలు తెచ్చిస్తుంటి."

కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ మిరియాల పాలు నా గుండెలో గుచ్చుకున్నాయి. వరండాలో గోడకు తిరిగి ఏడ్చాను అయ్యగారూ. మూగ ఏడుపు, చప్పుడు కూడా రాలేదు.

హన్మయ్య బతికాడు. ముందు అది రాయాల్సింది, క్షమించండి.

లోపల ఆపరేషన్ జరుగుతుంటే బల్ల మీద నా పక్కన శాంతాబాయి కూర్చుంది. నేను సత్తమ్మతో అన్నదంతా విన్నది. "మరి గంతగనం ఎందుకు అరుస్తవయ్యా?" అని అడిగింది. నేను చేత్తో గిర్ని తిప్పినట్టు చూపించాను, చెవులు మూసుకున్నాను, గొంతు పట్టుకున్నాను.

"నా గిర్ని చప్పుడుకా? అయ్యో, ఒక్కనాడు దిగొచ్చి చెప్పకపోతివి? మీ పూజ అయిందాంక బందు వెడ్తుంటి. నేననుకున్న, మీ దేవునికి గట్టిగ అంటెనే ఇనవడ్తదేమో అని."

గిర్ని ఆగాలని మేం ఆకలికి మాడి చేసిన ప్రార్థనలన్నీ నాకు గుర్తొచ్చాయి. దానికి జవాబు మా మెట్ల కిందే కూర్చుని ఉంది. మీరు జూన్‌లోనే అడిగారు, ఆమెను పలకరించావా అని. నేను ఆ ప్రశ్నకు జవాబు రాయలేదని మీరు గమనించే ఉంటారు.

ఉప్పల్ హాలు నిండింది. నేను రాసిచ్చింది మానస చదివింది. గొంతులో కాయలు కాశాయి, దర్శనం లేదు, నేను వద్దనకుండా ఊరుకున్నాను, నా వల్ల ఒక మనిషి చావుదాకా వెళ్ళాడు అని. చదవడం అయ్యేలోపే వెనక వరసలు లేచాయి. ఫణీంద్రగారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మాట్లాడకుండా ఉండడం ఆయనకు నాకన్నా కష్టం.

ఇప్పుడు మందిరంలో మునుపటికన్నా తక్కువమంది ఉన్నారు. చాపలు సగం పరిస్తే చాలు. నేను ఇందులో ఉండాలో మానాలో నాకు తెలియడం లేదు. సత్తమ్మ మాత్రం చాపలు మొత్తం పరుస్తోంది.

ఉపేందర్

*

అన్నోజిగూడ
సెప్టెంబరు

చిరంజీవి ఉపేందర్‌కు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. అమృతకు కూడా చదివి వినిపించాను. మిరియాల పాల దగ్గర నా గొంతు కూడా పోయింది.

నువ్వు మానాల్సిన పని లేదు. నువ్వు చేసింది తప్పే. దాన్ని ఒక చదువురాని ఆడమనిషి ముందు, మాట్లాడకూడని గొంతుతో ఒప్పుకున్నావు. నేను నలభై ఏళ్ళు చెప్పిన ప్రసంగాల్లో అంత మంచిది ఒకటి కూడా లేదు. ఆ మాట మీద నిలబడు. సత్తమ్మ చాపలు మొత్తం పరుస్తోందంటే, ఆమె ఆశపడుతోందన్నమాట. ఆమెను ఒంటరిని చెయ్యకు.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. మా వీధి మందిరంలో వాక్యం బాగుందని రాస్తూ వచ్చాను. నాకు తెలియదు. నేను అక్కడికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. చెవికి మిషను పెట్టుకుంటే అందరి గొంతులూ కలిసి నీ గిర్నిలాగే మోగుతాయి. తీసేస్తే ఏమీ లేదు. పక్కవాడు లేస్తే లేవడం, కూర్చుంటే కూర్చోవడం. ఒకసారి అందరూ ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఉంటే, పాట మొదలైందనుకుని నేనొక్కణ్ణే లేచి చప్పట్లు కొట్టాను. పిల్లలు నవ్వారు. పిల్లలే కదా, నవ్వనీ. కానీ తర్వాత ఆదివారం నడుం నొప్పి అన్నాను. ఆపై ఆదివారం కూడా అదే. అమృత అడగడం మానేసింది. ఆదివారం పూట కిటికీ దగ్గర కూర్చుని హైవే మీద లారీలు చూస్తాను.

నలభై ఏళ్ళు జనాన్ని మందిరానికి రమ్మని పిలిచినవాడికి ఇప్పుడు వెళ్ళడానికి మందిరం లేదు. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, ఒంటరిగా నవ్వుకోలేకపోతున్నాను.

ఇది ఎవరికీ చెప్పకు. మానసకు చెప్పినా పర్లేదు.

జ్ఞానప్రకాశం

*

నాచారం

అయ్యగారికి,

ఆదివారం పొద్దున ఆటో వస్తుంది. అమృతమ్మతో మాట్లాడి ఖాయం చేశాం, మీరు తప్పించుకోలేరు. గొంతు కొంచెం వచ్చింది, మెల్లగా మాట్లాడవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆ రోజు నేను మాట్లాడను. పాటలు, ప్రార్థనలు, వాక్యం, ప్రకటనలు, ఎవరింట్లో ఎవరికి జ్వరమో, అన్నీ నల్లబల్ల మీదే రాస్తాను. మీ కుర్చీ దానికి ఎదురుగా వేస్తాం. ఎప్పుడు లేవాలో కూడా రాస్తాను.

ఎర్రసిరా తెచ్చుకోవద్దు. సుద్దముక్క ఇస్తాం.

ఉపేందర్

*

నాచారం
అక్టోబరు

పూజ్యులైన అయ్యగారికి,
ఉపేందర్, మానస వందనాలు.

క్షేమంగా చేరారని అమృతమ్మ చెప్పింది. నడుం నొప్పి నిజంగానే వచ్చిందట, మా మెట్ల వల్ల. క్షమించండి.

ఆ రోజు మీరు చూసినవన్నీ నేను రాయనక్కర్లేదు. నల్లబల్ల మీద నా ఒత్తులు రెండు దిద్దారు, సంఘమంతా నవ్వింది, అది కూడా చూశారు. మీరు చూడలేనివి, వినలేనివి మాత్రం రాస్తాను.

తొమ్మిది కాకముందే శాంతాబాయి గిర్ని బంద్ పెట్టింది. పిండికి వచ్చినవాళ్ళు గొణిగితే, "పైన పూజ అయితున్నది, జర కూసోండ్రి" అంది. వాళ్ళలో ఒకరిద్దరు ఊరికే కూర్చోలేక పైకి వచ్చారు. గిర్ని పక్కన బస్తాల మీద కప్పిన పట్టా మీరు చూశారో లేదో. అది మన ఫ్లెక్సీయే. వాన పడుతుంటే శాంతాబాయి అడిగి తీసుకుంది. ఇప్పుడు నేను పెదాల మీద వేలు పెట్టుకుని నాచారం జొన్నలకు కాపలా కాస్తున్నాను. ఆ పని బాగానే చేస్తున్నానని హన్మయ్య అంటున్నాడు. ఆయన ఇంకా బస్తాలు ఎత్తడం లేదు, గల్లా దగ్గర కూర్చుంటున్నాడు.

మీరు రెండో పాటలో ఉండగా ఫణీంద్రగారు వచ్చి వెనక నిలబడ్డారు. నాతో ఇంకా మాట్లాడలేదు. కానీ బల్ల మీద ఎండ పడి మీకు అక్షరాలు మెరుస్తున్నాయని, వెళ్ళి కిటికీకి చాప అడ్డం పట్టుకున్నారు. ఆరాధన అయ్యేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.

చివర్లో ఆశీర్వాదం మిమ్మల్ని చెప్పమని రాశాను. మీరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. సుద్దముక్కతో దాని కిందే మళ్ళీ రాశాను. అప్పుడు లేచారు.

మీ గొంతు ఎంత పెద్దగా వస్తుందో మీకు తెలియదు అయ్యగారూ. పైకప్పు రేకులు అదిరాయి. ఎదురు అపార్ట్‌మెంటులో కిటికీ తెరుచుకుంది, మళ్ళీ మూసుకోలేదు. కింద నుంచి శాంతాబాయి అన్న మాట అందరికీ వినపడింది. "ఈ పెద్దాయనకైతే గిర్ని బంద్ వెట్టే పనే లేకుండె." మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు కాబట్టి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. అందుకే మీరు కళ్ళు తెరిచేసరికి అందరూ తలలు వంచుకుని ఉన్నారు, భక్తి వల్ల కాదు.

ఇంకొకటి. మీరు ఆశీర్వాదం ముగించాక కాసేపు నిలబడిపోయారు. తర్వాత చెయ్యి దించి, తప్పు చేసినవాడిలా మెల్లగా కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదనుకున్నారని నాకు అనిపించింది. ఆ ముఖం నేను ఈ వారమంతా మరిచిపోలేదు. ఆ ఒక్కటీ బల్ల మీద రాయాలని నాకు తోచలేదు.

ఆమెన్ అన్నారు అయ్యగారూ. సత్తమ్మ అంది, మానస అంది, చాప పట్టుకున్న ఫణీంద్రగారు అన్నారు. జొన్నలకు వచ్చినవాళ్ళు కూడా అందరినీ చూసి అన్నారు. కింద గల్లా దగ్గర నుంచి హన్మయ్య కూడా అన్నాడు. నాకున్న కొత్త గొంతుతో, రాసిచ్చిన మాట తప్పి, నేను కూడా అన్నాను. మీకు వినపడలేదు. అందరం గట్టిగానే అన్నాం.

మీ ఉపేందర్